మొదటి టేబుల్ టెన్నిస్ రాకెట్ ఎలా ఎంచుకోవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

టేబుల్ టెన్నిస్ మీద మనసు పడ్డవారు మొదట అడిగేది రాకెట్ గురించే. అడగవలసిన ప్రశ్నే. బల్ల, వల, బంతి ఇద్దరు ఆటగాళ్లకూ ఒకటే; ఎవరికి వారు తెచ్చుకునేది రాకెట్ మాత్రమే. కొత్తవారి నుంచి పదేపదే విన్న ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. రాకెట్‌ను బ్యాట్ అని పిలిచేవారూ ఉన్నారు. రెండూ ఒకటే.

ఒక్క ముక్కలో చెప్పండి, ఏది కొనాలి?

మధ్యరకం వేగం ఉన్న అయిదు పొరల చెక్క బ్లేడు (పిడితో సహా రాకెట్‌లోని చెక్క భాగం), దానికి రెండు వైపులా నున్నటి రబ్బరు, ఆ రబ్బరు కింద 1.5 నుంచి 1.8 మిల్లీమీటర్ల స్పాంజి. బ్లేడు మీద ‘ఆల్‌రౌండ్’ అనో, పొట్టిగా ‘ఆల్’ అనో రాసి ఉంటుంది. చెక్క పొరల మధ్య కార్బన్ నార పెట్టినది వద్దు. పిడి మీ చేతిలో ఇమడాలి. ఇంతకు మించి తెలుసుకోవాలని లేకపోతే ఇక్కడితో ఆపి కొనుక్కోవచ్చు, తప్పు జరగదు. ఎందుకు అన్నది తెలిస్తే మాత్రం రెండో రాకెట్ కూడా మీరే ఎంచుకోగలుగుతారు.

వేగంగా కొట్టే రాకెట్ ఇప్పుడే కొనుక్కుంటే నష్టమేమిటి? ఎలాగూ ముందు ముందు కావాలి కదా.

కొత్తవారు చేసే పొరపాట్లలో నన్ను ఎక్కువగా బాధించేది ఇదే. అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

బల్ల పొడవు 2.74 మీటర్లు. అందులో అవతలి సగం 1.37 మీటర్లే. బంతి బరువు 2.7 గ్రాములు. అంత తేలికైన బంతిని అంత చిన్న చోటులో దించాలి. వేగపు రాకెట్‌తో చేయి నిండుగా ఊపితే బంతి బల్ల దాటిపోతుంది. రెండుసార్లు పోతుంది, పదిసార్లు పోతుంది. అప్పుడు మీకు తెలియకుండానే చేయి ముడుచుకుంటుంది. ఊపు సగంలో ఆగిపోతుంది, మణికట్టు బిగుసుకుంటుంది, బంతిని కొట్టడం మానేసి దానికి రాకెట్ అడ్డుపెట్టడం మొదలవుతుంది. బంతి బల్ల మీద పడుతుంది కాబట్టి ఆట కుదిరినట్టే అనిపిస్తుంది. నిజానికి శరీరం నేర్చుకున్నది భయాన్ని.

నెమ్మది రాకెట్ ఇందుకు వ్యతిరేకంగా పనిచేస్తుంది. బంతి అవతలికి చేరాలంటే మీరే నడుము తిప్పాలి, భుజం వదులు చేయాలి, చేయి పూర్తిగా సాగాలి. రాకెట్ ఇవ్వని వేగాన్ని మీ శరీరం ఇవ్వవలసి వస్తుంది. అదే ఫోర్‌హ్యాండ్ డ్రైవ్ (అరచేయి ముందుకు ఉండేలా నిండు ఊపుతో కొట్టే దెబ్బ) నేర్చుకోవడం అంటే.

నా మొదటి రాకెట్ కార్బన్ పొరలున్నది. దుకాణంలో ఉన్నవాటిలో అదే గొప్పదని ఇచ్చారు, నేను నమ్మాను. ఆరు నెలలు ఆడాక కూడా నాకు వచ్చింది బ్లాక్, అంటే బంతికి రాకెట్ అడ్డుపెట్టడం ఒక్కటే. ఒకరోజు మా కోచ్ ఏమీ అనకుండా తన సంచిలోంచి పాత చెక్క రాకెట్ తీసి చేతికిచ్చారు. ఆ రోజు నా బంతులన్నీ వలలో పడ్డాయి. ఆ తర్వాత ముడుచుకుపోయిన చేతిని మళ్లీ సాగదీయడానికి పట్టిన కాలం, మొదటినుంచీ సరిగా నేర్చుకుంటే పట్టే కాలం కంటే ఎక్కువ. ఆ ఆరు నెలలు మరొకరికి వృథా కాకూడదన్నదే నా తాపత్రయం.

రాకెట్‌లో ఏయే భాగాలుంటాయి?

చెక్క భాగాన్ని బ్లేడు అంటారు. పిడి కూడా దానిలో భాగమే. పలుచని చెక్క పొరలను అతికించి బ్లేడు తయారుచేస్తారు. అయిదు పొరలు, ఏడు పొరలు ఎక్కువగా కనిపిస్తాయి. పొరలు పెరిగి, చెక్క గట్టిపడేకొద్దీ సాధారణంగా వేగం పెరుగుతుంది. పొరల మధ్య కార్బన్ లాంటి నారను పెడితే ఇంకా పెరుగుతుంది. అయితే బ్లేడు మందంలో కనీసం 85 శాతం సహజమైన చెక్కే ఉండాలని అంతర్జాతీయ టేబుల్ టెన్నిస్ సమాఖ్య నిబంధన. అందుకే ఎంత ఖరీదైన కార్బన్ రాకెట్ అయినా మూలంలో చెక్కే.

తయారీదారులు బ్లేడులను వేగాన్ని బట్టి డిఫెన్సివ్ (నెమ్మది), ఆల్‌రౌండ్ (మధ్యరకం), అఫెన్సివ్ (వేగం) అని విభజిస్తారు. వీటి మధ్య ‘ఆల్ ప్లస్’ (ఆల్‌రౌండ్ కంటే కాస్త వేగం), ‘ఆఫ్ మైనస్’ (అఫెన్సివ్ కంటే కాస్త నెమ్మది) వంటి మెట్లు ఉంటాయి. కొత్తవారికి ఆల్‌రౌండ్, మహా అయితే ఆల్ ప్లస్. స్టిగా కంపెనీ ఆల్‌రౌండ్ క్లాసిక్ అనే బ్లేడును ఎన్నో ఏళ్లుగా కోచ్‌లు సూచిస్తూ వస్తున్నారు; ఆ తరహా అని అడిగితే తెలిసినవారికి వెంటనే అర్థమవుతుంది.

చెక్క మీద అతికించేది రబ్బరు. మనం రబ్బరు అనేదానిలో రెండు భాగాలు: పైన పలుచని రబ్బరు పొర, కింద స్పాంజి.

రబ్బరులో రకాలేమిటి? నున్నటిదే ఎందుకు?

రబ్బరు పొరకు ఒక వైపు చిన్న చిన్న బొడిపెలుంటాయి. వాటిని పింపుల్స్ అంటారు. ఆ బొడిపెలు లోపలికి, స్పాంజి వైపుకు తిరిగి ఉంటే పైన కనిపించేది నున్నటి తలం. బయటికి తిరిగి ఉంటే పొట్టి పింపుల్స్, పొడవు పింపుల్స్ అని వేర్వేరు రకాలు. నున్నగానే కనిపించినా బంతిని అసలు పట్టుకోని యాంటీ స్పిన్ రబ్బరు కూడా ఉంది.

నున్నటి రబ్బరు బంతిని పట్టుకుంటుంది. పట్టుకుంటేనే దానిని తిప్పగలం. టాప్‌స్పిన్ (బంతి ముందుకు తిరగడం), బ్యాక్‌స్పిన్ (వెనక్కి తిరగడం), సైడ్‌స్పిన్ (పక్కకు తిరగడం) మూడూ మీ చేతితో పుట్టించి, అవతలివారు తిప్పి పంపిన బంతి మీ రాకెట్‌కు తగిలినప్పుడు ఎటు జారుతుందో చూసి నేర్చుకోవాలి. బ్యాక్‌స్పిన్ బంతికి రాకెట్‌ను నిలువుగా పెడితే వలలో పడుతుంది. టాప్‌స్పిన్ బంతికి పైకి లేస్తుంది. ఈ పాఠం చెప్పగలిగేది నున్నటి రబ్బరే. స్పిన్‌ను చదవడం రాని ఆటగాడు ఎంత గట్టిగా కొట్టినా ముందుకు పోలేడు.

స్పాంజి వెనుక కొంచెం చరిత్ర ఉన్నది. 1952లో బొంబాయిలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కు జపాన్ ఆటగాడు హిరోజీ సాతో దట్టమైన స్పాంజి అతికించిన రాకెట్‌తో వచ్చాడు. అప్పటిదాకా బొడిపెల రబ్బరుతో ఆడేవారికి బంతి తగిలిన చప్పుడే ఆటలో సగం కబురు చెప్పేది. సాతో రాకెట్ చప్పుడు చేయలేదు. పురుషుల సింగిల్స్ టైటిల్ అతనిదే అయింది. 1959లో సమాఖ్య రబ్బరు మందానికి హద్దులు పెట్టింది. ఇప్పుడు స్పాంజి, రబ్బరు, జిగురు అన్నీ కలిపి ఒక్కో వైపు 4.0 మిల్లీమీటర్లు దాటకూడదు.

ఫలానా రబ్బరు అని పేరు చెప్పగలరా?

బటర్‌ఫ్లై కంపెనీ స్రైవర్ 1967లో వచ్చింది, యసాకా మార్క్ ఫైవ్ 1969లో వచ్చింది. ఒకప్పుడు ప్రపంచ స్థాయి ఆటగాళ్లు వాడిన రబ్బర్లివి. ఇప్పటి పోటీల వేగానికి నెమ్మదివి అయ్యాయి కానీ, నేర్చుకునేవారికి ఆ నెమ్మదే వరం. ఇవే కావాలని పట్టుబట్టనక్కరలేదు. ఈ తరహావి అనేక కంపెనీలు తయారుచేస్తున్నాయి. చాలా జిగటగా, బంతి అంటుకుపోయేలా ఉండే గట్టి చైనా రబ్బర్లను మాత్రం మొదట్లో తీసుకోకండి. బలమైన పూర్తి ఊపు ఉన్నవారి చేతిలోనే అవి పలుకుతాయి.

స్పాంజి మందం ఎంత తేడా తెస్తుంది?

చాలా తేడా. స్పాంజి మందంగా ఉంటే బంతి అందులోకి దిగబడి, వింటి నుంచి వదిలినట్టు ఎగిరిపోతుంది. పలుచగా ఉంటే బంతి చెక్కను త్వరగా తాకుతుంది. సరిగా తగిలిందా, అంచుకు తగిలిందా అన్నది వేళ్లకు తెలుస్తుంది. 1.5 మిల్లీమీటర్లతో మొదలుపెట్టినవారిని చూశాను, 1.8తో మొదలుపెట్టినవారినీ చూశాను. ఇద్దరూ బాగానే నేర్చుకున్నారు. వారానికి మూడు నాలుగు రోజులు కోచ్ దగ్గర ఆడేవారైతే 1.8 తీసుకోండి. 2.0, ‘మ్యాక్స్’ (అన్నిటికంటే మందం) అని రాసి ఉన్నవి తర్వాత చూసుకోవచ్చు.

స్పాంజి గట్టిదనాన్ని డిగ్రీల్లో ఇస్తారు. అవి ఎలా చదవాలి?

మెత్తనిది లేదా మధ్యరకం ఎంచుకోండి, చాలు. డిగ్రీలను పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త: యూరప్ కంపెనీల కొలమానం, చైనా కంపెనీల కొలమానం ఒకటి కాదు. చైనా రబ్బరు మీద 39 డిగ్రీలు అని ఉంటే అది గట్టిదే. అదే అంకె యూరప్ రబ్బరు మీద ఉంటే మెత్తనిది. ఒకే కంపెనీ రబ్బర్ల మధ్య పోల్చడానికే ఈ అంకెలు పనికొస్తాయి.

అట్ట మీద నక్షత్రాలు, ‘స్పీడ్ 90, స్పిన్ 85, కంట్రోల్ 70’ వంటి అంకెలు ఉంటాయి. నమ్మవచ్చా?

ఇవి ఏ సమాఖ్యా కొలిచి ఇచ్చినవి కావు. ఒక్కో కంపెనీ తన సరుకును తానే అంచనా వేసుకుని ముద్రిస్తుంది. ఒక కంపెనీ మూడు నక్షత్రాలు మరో కంపెనీ అయిదుకు సమానం కావచ్చు. ఒకే కంపెనీ రాకెట్లలో ఏది వేగం, ఏది నెమ్మది అని తెలుసుకోవడానికి వాడుకోండి. అక్కడ కూడా ముందు కంట్రోల్ అంకె చూడండి.

సిద్ధంగా అమ్మే రాకెట్ మంచిదా, బ్లేడు, రబ్బర్లు విడిగా కొని అతికించుకోవడం మంచిదా?

మీకు ఆట మీద ఎంత ఆసక్తి ఉంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. సెలవు రోజుల్లో మిత్రులతో ఆడడానికైతే మంచి కంపెనీ తయారుచేసిన సిద్ధ రాకెట్ చాలు. నున్నటి రబ్బరు, కనీసం 1.5 మిల్లీమీటర్ల స్పాంజి ఉన్నది చూసుకోండి. రబ్బరు మీద వేలు నొక్కి పక్కకు జరిపితే వేలు ఆగాలి. గాజు మీద జరిగినట్టు జారిపోతే ఆ రాకెట్‌తో స్పిన్ నేర్చుకోలేరు. స్పాంజి లేకుండా బొడిపెలు పైకి కనిపించే చవక రాకెట్లు బంతిని అటూ ఇటూ కొట్టుకోవడానికి సరిపోతాయి, అంతకు మించి ఏమీ నేర్పవు.

కోచ్ దగ్గర చేరారు, ఏడాదైనా ఆడతానన్న నమ్మకం ఉంది అంటే విడిగా కొనడమే మేలు. మొదట ఖర్చు ఎక్కువే. కానీ రబ్బరు అరిగిపోయినప్పుడు రబ్బరే మారుస్తారు, బ్లేడు అలాగే ఉంటుంది. మంచి చెక్క బ్లేడు ఏళ్ల తరబడి పనిచేస్తుంది. డబ్బు పరిమితంగా ఉంటే ఎవరైనా వాడిన ఆల్‌రౌండ్ బ్లేడు తీసుకుని దానికి కొత్త రబ్బర్లు వేయించుకోండి. ఇది నేను చాలామందికి ఇచ్చిన సలహా. వాడేసిన రబ్బరు మాత్రం తీసుకోవద్దు.

అతికించడం దుకాణంలోనే చేసిస్తారు. ఇంట్లో చేసుకోవాలనుకుంటే నీటి ఆధారిత జిగురే వాడండి. ఘాటైన ద్రావకాలున్న జిగుర్లను పోటీల్లో 2008లో నిషేధించారు. వాటి ఆవిరి ఆరోగ్యానికి హాని. రబ్బరు వేగం పెంచే బూస్టర్ ద్రవాలు కూడా నిబంధనలకు విరుద్ధం, కొత్తవారికి వాటి అవసరమూ లేదు.

పట్టు ఎలా ఉండాలి? పిడి ఆకారాల్లో ఏది తీసుకోవాలి?

రెండు ప్రధానమైన పట్లు. కరచాలనం చేసినట్టు పట్టుకుంటే షేక్‌హ్యాండ్, కలం పట్టుకున్నట్టు పట్టుకుంటే పెన్‌హోల్డ్. పెన్‌హోల్డ్ బలహీనమైనదేమీ కాదు. 2008 బీజింగ్ ఒలింపిక్స్ పురుషుల సింగిల్స్ బంగారు పతకం గెలిచిన మా లిన్ ఆ పట్టుతోనే ఆడాడు. కానీ దానిలో బ్యాక్‌హ్యాండ్ (చేతి వెనుక వైపు ముందుకు ఉండేలా కొట్టే దెబ్బ) నేర్చుకోవడం కష్టం, నేర్పగలిగే కోచ్‌లూ తక్కువ. ఆ పట్టు తెలిసిన గురువు దగ్గర ఉంటే తప్ప షేక్‌హ్యాండ్ ఎంచుకోండి.

షేక్‌హ్యాండ్ పిడుల్లో అడుగున వెడల్పయ్యే ఫ్లేర్డ్ ఎక్కువమందికి నప్పుతుంది. చేతిలోంచి జారదు. పైనుంచి కింది దాకా ఒకే వెడల్పు ఉండే స్ట్రెయిట్ పిడి పెద్ద అరచేతులవారికి, పట్టును తరచూ కాస్త మార్చుకునేవారికి హాయిగా ఉంటుంది. మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే అనాటమిక్ పిడి కొందరికే సరిపడుతుంది. ఇక్కడ ఎవరి సలహా కంటే మీ చెయ్యి చెప్పేదే సరైనది. పట్టుకోగానే వేళ్లు బిగించవలసి వస్తోందా? అయితే అది మీది కాదు.

బరువు ఎంత ఉండాలి?

రబ్బర్లు వేయని బ్లేడు 80 నుంచి 90 గ్రాముల మధ్య ఉంటే బాగు. రబ్బర్లతో కలిపి పెద్దవారి రాకెట్లు చాలావరకు 160 నుంచి 190 గ్రాముల మధ్య ఉంటాయి. కొత్తవారు ఆ పరిధిలో కింది వైపు ఉండడమే మంచిది. మణికట్టు, మోచెయ్యి ఇంకా ఆటకు అలవాటు పడలేదు. గంట ఆడాక నొప్పి మొదలైతే బరువును అనుమానించండి. మొత్తం బరువు ఒకటే అయినా తల వైపు బరువున్న రాకెట్ చేతికి ఎక్కువ బరువనిపిస్తుంది.

పిల్లలకు చిన్న రాకెట్ కొనాలా?

మరీ చిన్న పిల్లలకు సన్నని పిడి ఉన్న తేలికైన రాకెట్ మేలు. ఏడెనిమిదేళ్లు దాటినవారు మామూలు కొలత రాకెట్‌నే పట్టుకోగలుగుతారు. తేలికైన బ్లేడు, 1.5 స్పాంజి చూసుకుంటే సరిపోతుంది. ‘పెద్దయ్యాక కూడా పనికొస్తుంది’ అని బరువైనది కొనివ్వకండి. చిన్న చెయ్యి బరువైన రాకెట్‌ను మోయడానికి పట్టునే వంకరగా మార్చుకుంటుంది. ఆ వంకర తర్వాత ఒక పట్టాన పోదు.

ఎడమచేతి వాటం వారికి వేరే రాకెట్ ఉంటుందా?

షేక్‌హ్యాండ్‌లో అవసరం లేదు. అదే రాకెట్.

పొడవు పింపుల్స్ వేసుకుంటే అవతలివారు తికమకపడతారని విన్నాను. నేనూ వేసుకోవచ్చా?

తికమకపడే మాట నిజమే. చైనాకు 1992, 1996 ఒలింపిక్స్‌లో నాలుగు బంగారు పతకాలు తెచ్చిన డెంగ్ యాపింగ్, 2018 కామన్వెల్త్ క్రీడల్లో మహిళల సింగిల్స్ గెలిచిన మణికా బాత్రా బ్యాక్‌హ్యాండ్ వైపు అటువంటి రబ్బరుతో ఆడినవారే. పొడవైన బొడిపెలు వంగి జారడం వల్ల ఎదుటివారు పంపిన స్పిన్ చాలావరకు వారికే తిరిగి వెళ్తుంది. కానీ స్పిన్ అంటే తెలిసినవారి చేతిలోనే ఆ రబ్బరు ఆయుధం. మొదటి రోజు నుంచీ అదే వాడితే కొన్ని ఆటలు గెలుస్తారు. ఆపై గెలుపు ఎందుకు ఆగిపోయిందో మీకు అర్థం కాదు. కనీసం ఏడాది రెండు వైపులా నున్నటి రబ్బరుతో ఆడి, కోచ్ సూచిస్తే అప్పుడు మారండి.

రెండు వైపులా రెండు రంగులు ఎందుకు?

పైన చెప్పిన తికమకే కారణం. ఒకప్పుడు రెండు వైపులా ఒకే రంగుతో, వేర్వేరు స్వభావాలున్న రబ్బర్లు వేసుకుని, ఆట మధ్యలో రాకెట్‌ను చేతిలోనే తిప్పేసేవారు. బంతి ఏ రబ్బరుకు తగిలిందో ఎదుటివారికి తెలిసేది కాదు. 1986 నుంచి ఒక వైపు నలుపు, మరో వైపు ఎరుపు తప్పనిసరి చేశారు. 2021 నుంచి ఎరుపు స్థానంలో నీలం, ఆకుపచ్చ, గులాబీ, ఊదా రంగులకూ అనుమతి ఉంది. నలుపు మాత్రం ఒక వైపు ఉండాల్సిందే.

పోటీల్లో ఆడాలంటే ఏం చూడాలి?

రబ్బరు మీద పిడి దగ్గర కంపెనీ పేరుతో పాటు అంతర్జాతీయ సమాఖ్య ముద్ర, అనుమతి సంఖ్య ఉండాలి. రబ్బరు అతికించేటప్పుడు ఆ రాతలు పిడి వైపు, కనిపించేలా ఉంచుతారు. సిద్ధ రాకెట్లలో కొన్నింటికే ఈ ముద్ర ఉంటుంది కాబట్టి పోటీల ఆలోచన ఉంటే కొనే ముందే చూసుకోండి. మ్యాచ్ మధ్యలో రాకెట్ మార్చడానికి వీల్లేదు. ప్రమాదవశాత్తూ వాడలేనంతగా దెబ్బతింటేనే మారుస్తారు.

రాకెట్‌ను ఎలా కాపాడుకోవాలి?

ఆట అయ్యాక మెత్తని స్పాంజిని నీటిలో తడిపి, పిండి, రబ్బరు మీది దుమ్ము తుడవండి. ఆరాక పలుచని ప్లాస్టిక్ పొర కప్పి సంచిలో పెట్టండి. సబ్బు, స్పిరిట్ వద్దు. చేత్తో రబ్బరు తలాన్ని తాకే అలవాటు ఉంటే మానుకోండి, చెమటలోని జిడ్డు దాని పట్టును తినేస్తుంది. ఎండలో, మూసి ఉన్న వాహనంలో వదిలేస్తే రబ్బరు త్వరగా ఎండిపోతుంది. బ్లేడు అంచు చుట్టూ టేపు వేయించుకోండి. కొత్తవారి రాకెట్ బల్ల అంచుకు తగలడం మామూలే. పాయింట్ పోయిన కోపంలో రాకెట్‌ను బల్లకేసి కొట్టకండి. చెక్క లోపల విచ్చిన పొర బయటికి కనిపించదు, ఆటలో కనిపిస్తుంది.

రబ్బరు ఎప్పుడు మార్చాలి? తర్వాతి రాకెట్‌కు ఎప్పుడు వెళ్లాలి?

తుడిచాక కూడా రబ్బరు మధ్యభాగం మెరుస్తూ, లేదా పాలిపోయినట్టు కనిపించి, బంతి జారుతూ ఉంటే మార్చే సమయం వచ్చింది. వారానికి రెండు మూడు సార్లు ఆడేవారికి దాదాపు ఏడాదిలోపు ఆ అవసరం వస్తుంది. అప్పుడు ఎక్కువమంది బ్లేడు, రబ్బరు రెండూ ఒకేసారి మార్చేస్తారు. అలా చేయకండి. ఏది మీ ఆటను మార్చిందో తెలియకుండా పోతుంది. ముందు రబ్బరు మార్చండి: అదే రకం, 1.8 ఉన్నచోట 2.0. ఫోర్‌హ్యాండ్ వైపు ఒక్కటే మార్చినా సరే. బ్లేడు అలాగే ఉంచండి.

ఇక బ్లేడు మార్చడానికి నేను చూసే గుర్తు ఒకటుంది. బ్యాక్‌స్పిన్ బంతిని వరుసగా పదిసార్లు ఫోర్‌హ్యాండ్ టాప్‌స్పిన్‌తో బల్ల మీదికి ఎత్తగలగాలి, ఆ పదీ చేయి నిండుగా ఊపి కొట్టినవి అయి ఉండాలి. అంత ఊపుతో కొట్టినా బంతి అవతలి ఆటగాడిని ఇబ్బంది పెట్టేంత వేగంగా పోవడం లేదని మీకు, మీ కోచ్‌కు ఇద్దరికీ అనిపిస్తే, ఆఫ్ మైనస్ బ్లేడు చేతిలోకి తీసుకుని ఒక సాయంత్రం ఆడి చూడండి.